కారు పుస్తకంలో నాలుగో గడి

మా కారుకు ఒక నోటుపుస్తకం ఉంది. ఖాకీ కాగితంతో అట్ట వేసి, కారు ఇంటికి వచ్చిన రోజు నుంచి అందులో రాస్తున్నాను. పేజీకి నాలుగు గళ్ళు గీశాను: తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, చేసిన మనిషి. నా సొంత డైరీ వేరు. అది కాలేజీ రోజుల్లో మొదలైంది. ఇప్పటికీ రోజుకో పేజీ రాస్తాను. ఈ రెండు పుస్తకాలనూ ఎప్పుడూ కలపలేదు. బయటివాళ్ళు కారు మీద చెయ్యి వేస్తే అది కారు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇంటి దగ్గర నేను చేసుకునే పనులు, టైర్లలో గాలి చూడటం, బ్యాటరీలో నీళ్ళు పోయటం, కడగటం, తుడవటం, ఇవన్నీ నా డైరీలో ఒక వాక్యంగా పోతాయి. నాలుగో గడిలో నా పేరు ఒక్కసారి కూడా పడలేదు. అది మంచి పద్ధతి అనే అనుకున్నాను. కనిపెట్టి ఉండవలసింది పని చేసేవాళ్ళనే గాని నన్ను కాదు కదా అన్న భావం ఆ గీతల్లోనే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను ఉద్యోగం చేసింది ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో, టెస్టింగ్ విభాగంలో. ఏనుగంత జనరేటర్లు మా మీటర్ల ముందు తలవంచేవి. కొత్తగా చేరిన ఇంజనీర్లకు మొదటి వారంలో నేను చెప్పే పాఠం ఒకటే. ఏదైనా పని చెయ్యకపోతే దాన్ని విప్పకండి, ముందు ఎర్త్ చూడండి. కరెంటు వెళ్ళే దారిని అందరూ చూస్తారు, తిరిగి వచ్చే దారిని ఎవరూ చూడరు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పి చెప్పి అది నాకు సామెతలాగా అయిపోయింది. సామెతలు మనం పక్కవాళ్ళ కోసమే వాడతాం.

మా కారు కరెంటు పనులన్నీ ఒకే మనిషి చేసేవాడు. పటమట నుంచి ఆటోనగర్ వైపు వెళ్ళే ఒక సందులో అతని షాపు. రెండు షట్టర్లు. ఒకదాంట్లో కార్లు, రెండోదాంట్లో స్కూలు వ్యాన్లు. యాభై దాటినవాడు, తక్కువ మాట్లాడతాడు. పదిహేనేళ్ళుగా నా పుస్తకంలో నాలుగో గడి నిండా అతనే.

భాద్రపదంలో ఒకరోజు డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. అంటే బ్యాటరీకి ఛార్జింగ్ అందటం లేదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ దాని పక్కనుండే ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుండాలి. మావైపు దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. అతను దాన్ని విప్పి, అరిగిపోయిన కార్బన్లు మార్చి, బిగించి, మీటరు పెట్టి నాకు చూపించాడు. పద్నాలుగు పాయింట్ రెండు వోల్టులు. ఉండవలసింది అంతే. పుస్తకంలో రాసుకుని వచ్చాను.

మార్గశిరం వచ్చేసరికి పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజను బరువుగా, ఈడ్చుకుంటూ తిరగటం మొదలైంది. చలి కాబోలు అనుకున్నాను. అదే నెలలో ఇబ్రహీంపట్నంలో మా పాత ఉద్యోగులం ఒక కల్యాణమండపంలో కలిశాం. దారి పొడవునా పొగమంచు, లైట్లు వేసుకునే వెళ్ళాం. భోజనాలయ్యాక అందరూ వీడ్కోలు చెప్పటానికి గేటు దగ్గర నిలబడ్డారు. నేను తాళం తిప్పాను. టిక్కుమంది, అంతే. మళ్ళీ తిప్పాను. మళ్ళీ టిక్కు.

"టెస్టింగ్ వారి బండికే టెస్టు వచ్చిందండోయ్," అన్నాడు ఒకాయన.

"సగం జిల్లాకి కరెంటిచ్చిన మనిషయ్యా, ఇంటికి మిగుల్చుకోలేదు పాపం."

"చొక్కాలు పైకి మడవండి. టర్బైన్ తిప్పాలి."

నలుగురు రిటైరైన ఇంజనీర్లు నవ్వుకుంటూ కారు తోశారు. రెండో గేరులో వదిలితే ఇంజను అందుకుంది. నేనూ నవ్వాను. దారిలో మా ఆవిడ, "నెయ్యి వేసుకుని తిన్న అన్నం వాళ్ళకి అక్కడే అరిగిపోయుంటుంది," అంది. నాకు నవ్వినవాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళ ముందు నన్ను అలా నిలబెట్టినవాడు ఎవడా అని వెతుకుతున్నాను.

ఇంటికి రాగానే ఇంజను ఆపకుండా, లైట్లూ ఏసీ వేసి, బ్యాటరీ రెండు కొసల మీదా మీటరు పెట్టాను. పన్నెండు పాయింట్ ఎనిమిది. పద్నాలుగు ఉండాల్సిన చోట. కారు పుస్తకం తెరిచాను. భాద్రపదం తర్వాత ఒక్క వరుస కూడా లేదు. చివర చెయ్యి వేసిన మనిషి అతనే. నాకు అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది.

మర్నాడు పదకొండు గంటలకు, పక్కింటివాళ్ళు తోస్తే స్టార్టు చేసుకుని, షాపు ముందు ఆపాను. ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో స్కూలు వ్యాన్లు నడిపే ఆయన ఒకడు. ఆయనకు ఆరు వ్యాన్లున్నాయి, అన్నీ ఆ షాపుకే వస్తాయి. ఆ రెండో షట్టరు నడిచేదే ఆయన వ్యాన్ల మీద. ఈ సంగతి నాకు తెలుసు.

"ఏమయ్యా, నువ్వు చేసిన డైనమో మూడు నెలలు కూడా నిలవలేదు," అన్నాను.

అతను చేతులు తుడుచుకుని వచ్చి, బానెట్ ఎత్తి, మీటరు ఎర్ర కొస డైనమో వెనకాల బోల్టుకు, నల్ల కొస డైనమో ఒంటికే ఆనించాడు. "పద్నాలుగు పాయింట్ రెండు ఇస్తంది సార్. లైటు కూడా ఎలగట్లేదు చూడండి. దీంట్లో ఏం లేదు."

"బ్యాటరీ దగ్గర పన్నెండు పాయింట్ ఎనిమిది ఉంది. నిన్న నేను కొలిచాను. మరి మధ్యలోది ఎవరు మింగారు?"

కూర్చున్నవాళ్ళలో ఒకరు నవ్వారు.

"అదే సార్ చూడాలి. ఎర్త్ ఏవన్నా దెబ్బతిందేమో. ఒక పావుగంట వదిలెయ్యండి, చూసి చెప్తా."

"ఎర్త్ గురించి నువ్వు నాకు చెప్తావా?" అన్నాను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ముసలాయన కోపంలో ఏదో అన్నాడనుకునేవారు. ఆఫీసులో కింది ఉద్యోగి మీద రిపోర్టు రాసేముందు మాట్లాడినట్టు, నెమ్మదిగా, పుస్తకం తెరిచి చదివాను. తేదీ, కిలోమీటర్లు, పని, మనిషి. "దీని తర్వాత ఈ బండిని ఎవరూ ముట్టుకోలేదు. ఇందులో పాత సామానన్నా వేసి ఉండాలి, లేదా పని రాక చెడగొట్టన్నా ఉండాలి. రెండింట్లో ఏదో నువ్వే చెప్పు."

అతను పుస్తకం వంక చూశాడు. వ్యాన్ల ఆయన కూడా లేచి వచ్చి చూశాడు. నా అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉంటాయి. చూసినవాళ్ళు నమ్ముతారు.

"పుస్తకంలో రాసింది నిజమే అయ్యుంటదండి," అన్నాడు అతను. "రాయంది కూడా ఉంటది కదా సార్."

అది తప్పించుకునే మాట అనుకున్నాను. అక్కడున్న వాళ్ళకు వినబడేలా, "పదిహేనేళ్ళ నమ్మకం," అని, పుస్తకం మూసి, కారెక్కాను. ఇంజను ఆపలేదు కాబట్టి దర్జాగా వెళ్ళిపోగలిగాను.

ఆ తర్వాత గవర్నర్‌పేటలో కొత్త బ్యాటరీ కొని, ఇంట్లో నేనే బిగించాను. పది రోజులు బాగుంది. పదకొండో రోజు నుంచి మళ్ళీ అదే ఈడ్పు. ఇంట్లోనే చిన్న ఛార్జరు పెట్టి వారానికోసారి నింపుకుంటూ నడిపాను. రోజూ పొద్దున్నే బ్యాటరీ మీద మీటరు పెట్టి వోల్టులు కారు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. రెండు పేజీల అంకెలు. అన్నీ సరైన అంకెలే. ఎర్ర కొస ఒకచోట, నల్ల కొస ఒకచోట, ప్రతిరోజూ అవే రెండు చోట్ల. మీటరును వేలెడంత పక్కకు జరిపి చూడాలని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదు అంటే, దొంగ ఎవరో అప్పటికే తేలిపోయింది కదా.

మాఘంలో ఒక ఉదయం వరండాలో కూర్చుని ఆ అంకెలు మా ఆవిడకు చదివి వినిపిస్తున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఆ పుస్తకానికి రోజూ హారతి కూడా ఇవ్వండి," అంది.

"నవ్వులాట కాదు. అతని తర్వాత బండి మీద ఎవరి చెయ్యీ పడలేదు. అది గమనించు."

"మీ చెయ్యో?"

"నా చెయ్యేంటి?"

"దసరాకి పూజ చేస్తామని మొత్తం విప్పి కూర్చున్నారు కదండీ. గేటుకి వేయగా మిగిలిన నల్లరంగు పెట్టుకుని. నేను గుమ్మడికాయ పట్టుకుని అరగంట నిలబడ్డాను. మీరు ఒలకబోసిన రంగు నా ముగ్గు మీద పడితే కిరసనాయిలు పెట్టి తుడిచాను. మరిచిపోయారా?"

మరిచిపోలేదు. ఆ పని కారు పుస్తకంలో లేదు, అందుకని జరగనట్టే లెక్క. లోపలికి వెళ్ళి నా డైరీ తీశాను. విజయదశమి పేజీలో నా అక్షరాలే ఉన్నాయి. 'బ్యాటరీ దించి కింద పళ్ళెం తుప్పు గీకి, చుట్టుపక్కలంతా నల్లరంగు వేశాను. పూజకు పిలుస్తుంటే తొందరగా బిగించాను. ఇంజను లోపల కొత్త కారులా ఉంది.'

కొత్త కారులా ఉంది అని రాసుకున్నాను.

మీటరు తీసుకుని కిందికి దిగాను. ఇంజను నడిపి, లైట్లూ ఏసీ వేశాను. నల్ల కొస బ్యాటరీ మైనస్ మీద పెట్టి, ఎర్ర కొసను ఈసారి ఇంజను ఇనుము మీద ఆనించాను. రెండూ ఎర్తే. రెండింటి మధ్య అంకె సున్నా చూపాలి. ఒకటి పాయింట్ నాలుగు చూపింది. డైనమో దగ్గరి పద్నాలుగు పాయింట్ రెండులోంచి నా బ్యాటరీ దగ్గరి పన్నెండు పాయింట్ ఎనిమిది తీసేస్తే ఎంతో, సరిగ్గా అంతే. మధ్యలోది ఎవరు మింగారని అడిగాను కదా. జవాబు అక్కడ ఉంది.

బ్యాటరీ పళ్ళెం పక్కన, ఇంజను నుంచి వచ్చే అల్లిన రాగి పట్టీ ఒకటి బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. డైనమో పుట్టించిన కరెంటు తిరిగి వెళ్ళే దారి అదే. ఆ బోల్టు విప్పాను. పట్టీ కింద, ఇనుము మీద, గోరంత మందాన నున్నగా ఆరిన నల్లరంగు. బోల్టు మరల్లోంచి ఏదో కాస్త కరెంటు దూరిపోతూ ఇన్నాళ్ళూ బండిని నడిపింది. తుప్పు రాకూడదని నేను ఎంత శ్రద్ధగా వేశానంటే, అంచుల్లో కూడా ఎక్కడా ఖాళీ వదల్లేదు. కొత్త ఇంజనీరు ఎవడైనా ఇలాంటి పని చేసి ఉంటే ఒక రోజంతా నిలబెట్టి ఉండేవాణ్ణి.

చాకుతో గీకాను. ఇనుము తెల్లగా బయటపడింది. బిగించి మళ్ళీ కొలిస్తే బ్యాటరీ దగ్గర పద్నాలుగు పాయింట్ ఒకటి. పావుగంట కూడా పట్టలేదు. అతను అడిగిందీ పావుగంటే.

"ఏమయిందండీ?" అని మా ఆవిడ పైనుంచి అడిగింది.

"ఎర్త్," అన్నాను.

ఆ రోజు డైరీలో ఏం రాశానో కూడా చెప్పాలి. 'ఎర్త్ లూజుగా ఉంది. సరిచేశాను. కారు బాగుంది.' ఇంతే. ఎర్త్ తనంతట తాను లూజయినట్టు. ఇన్నేళ్ళ డైరీల్లో మరిచి రాయనివి ఉండవచ్చు, తెలిసి ఇలా రాసింది అది మొదటిసారి. మర్నాడు పొద్దున్న ఆ వాక్యం చదివి, కొట్టేయటానికి కలం తీసి, మూత పెట్టేశాను.

తర్వాత పది రోజులు పటమట వైపు వెళ్ళలేదు. వెళ్ళాలని ప్రతిరోజూ అనుకున్నాను. ఒకరోజు శుక్రవారం అడ్డు వచ్చింది, ఒకరోజు మోకాలి నొప్పి, ఒకరోజు అతని షాపుకు సెలవేమో అనుకున్నాను. కూరగాయలకు కూడా వేరే బజారుకు వెళ్ళాను. మా ఆవిడ చూస్తూ ఊరుకుంది. పదో రోజున, "దూరపు బజార్లో వంకాయలు పుచ్చులొస్తున్నాయి," అని మాత్రం అంది.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళాను. ఆ సమయంలో ఎవరూ ఉండరని తెలిసే ఎంచుకున్నాను. వ్యాన్లు ఉండే రెండో షట్టరు దించి ఉంది. దాని మీద అద్దెకు ఇవ్వబడును అని సుద్దతో రాసి ఉంది. అతను లోపల స్టూలు మీద క్యారేజీ పెట్టుకుని భోంచేస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"తిను, తిను," అన్నాను. ఎదురుగా నిలబడి, వీధి వైపు ఒకసారి చూసి, తక్కువ గొంతుతో చెప్పాను. తప్పు నాదే. దసరాకు నేనే రంగు వేశాను. ఎర్త్ పట్టీ కింద పడింది. నీ పనిలో లోపం లేదు.

అతను ముద్ద కలుపుతూ విన్నాడు. "ఎర్తే అనుకున్నాను సార్. బండి బాగయింది కదా ఇప్పుడు?"

"బాగయింది. ఆ పక్క షట్టరు...?"

"వదిలేశానండి. వ్యాన్లు రావట్లేదుగా. పెద్దాయన పుస్తకం పెట్టి మరీ చదివాడు, ఊరికే అంటాడా అన్నాడంట ఆయన. ఆయన తప్పేముందిలే సార్. పిల్లలెక్కే బళ్ళు."

నా గుండ్రటి అక్షరాలు ఆ షట్టరును దించేశాయి. క్షమించమని అడిగాను. అతను, "అయ్యో, పెద్దవారు, అంత మాటొద్దండి," అని మజ్జిగ పోసుకున్నాడు. తేలిపోయిందనుకుని బయటికి అడుగు వేశాను. అప్పుడు వెనకనుంచి, ఏమీ కాని మాట చెప్పినట్టే అన్నాడు.

"ఆ రోజు తమరొచ్చింది పదకొండింటికండి. ఆ టైములో రండి సార్ ఎప్పుడన్నా. టీ తాగుదాం. అందరూ ఉంటారు."

ఇంటికి వచ్చి ఆ మాట డైరీలో ఉన్నదున్నట్టు రాశాను. ఎర్త్ లూజుగా ఉంది అన్న వాక్యాన్ని కొట్టేయలేదు. దాని పక్కన మార్జిన్లో 'అబద్ధం' అని రాశాను. తర్వాత కారు పుస్తకం తీసి, విజయదశమి తేదీతో, ఖాళీగా ఉన్న చోట ఒక వరుస ఇరికించాను. బ్యాటరీ చుట్టూ రంగు, ఎర్త్ చెడింది. నాలుగో గడిలో నా పేరు రాశాను. ఆ గడిలో అది కొత్తవాడి పేరులా ఉంది.

మర్నాడు పదకొండు గంటలకు వెళ్ళాను. ఐదుగురున్నారు. ఆ రోజున్న వాళ్ళలో ఇద్దరే వీళ్ళలో ఉన్నారు. వ్యాన్ల ఆయన లేడు, ఇంకెందుకుంటాడు. నేను పుస్తకం తెరిచి, ఆ రోజు చదివినట్టే, నెమ్మదిగా, అతని వరుసా, దాని కింద నా వరుసా చదివాను. ఆ రోజు నేను అన్న మాటలు కూడా మళ్ళీ చెప్పి, అవి తప్పని చెప్పాను. చెప్తుంటే చెవులు వేడెక్కాయి. ఒకతను ఫోన్‌లోంచి తలెత్తి, "ఇంతకీ బండికేమైందండీ?" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

అతను టీ తెప్పించాడు. తాగాం.

వ్యాన్ల ఆయన్ను వెతుక్కుంటూ ఇంటికి కూడా వెళ్ళాను. మర్యాదగా కూర్చోబెట్టి, అంతా విని, "మీరు ఇంత దూరం వచ్చి చెప్పటం గొప్పతనమండి," అన్నాడు. నేను గొప్పతనం కోసం వెళ్ళలేదు. వ్యాన్ల సంగతి అడిగితే, "అక్కడ అలవాటైపోయిందండి ఇప్పుడు. మళ్ళీ మార్చటమంటే... చూద్దాంలెండి," అన్నాడు. ఆ చూద్దాం అయి ఏడు నెలలైంది. రెండో షట్టర్లో ఇప్పుడు ఎవరో టైర్లు పెట్టుకున్నారు. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఆ టైర్ల దొంతర కనిపిస్తుంది.

అతను నా మీద ఏ మార్పూ చూపించడు. కారు ఇస్తే చేస్తాడు, మీటరు పెట్టి చూపిస్తాడు, సార్ అంటాడు. ఒక్కటే కొత్త అలవాటు. బానెట్ ఎత్తేముందు, ఎందరున్నా, ఆగి అడుగుతాడు.

"తమరేమన్నా ముట్టుకున్నారా సార్?"

కూర్చున్నవాళ్ళు నవ్వుతారు. నేను పుస్తకం తెరిచి నాలుగో గడి చూసి, వైపరు బ్లేడు మార్చానని, ఫ్యూజు ఒకటి తీసి పెట్టానని, ఏది ఉంటే అది పైకి చదువుతాను. అతను తల ఊపి పని మొదలుపెడతాడు.